ఫోన్ నంబరు లేని పేర్లు

చెట్లు పోయింది గురువారం పొద్దున. ఉసికెపాడులో చింతపండు తూకం జరుగుతుండగా సుక్కి చేతిలోని ఫోన్‌లో నుంచి నూట నలభై మూడు ఇప్పచెట్లు ఒక్కసారిగా పోయాయి. ఆ సంగతి దీపకు మధ్యాహ్నం మూడు గంటలకు తెలిసింది.

ఆ సమయానికి దీప బస్తర్‌లోని భోపాల్‌పట్నంలో, తండ్రి కాశయ్య బట్టల కొట్టు వెనక గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని తన పనికి వచ్చిన మెచ్చుకోళ్లు వింటోంది. ఆమె పనిచేసే కంపెనీ హైదరాబాదులో ఉంది. ‘మూట’ అనే లెక్కల యాప్ వాళ్లది. చిల్లర కొట్లవాళ్లు, పాలవాళ్లు, ఆడవాళ్ల సంఘాలు ఎవరి పేరున ఏమి వచ్చిందో, ఏమి పోయిందో అందులో రాసుకుంటారు. ఏళ్లు గడిచేకొద్దీ పేర్లు గుట్టపడి, కావలసిన పేరు వెతుక్కోవడం కష్టంగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. దానికి జవాబుగా దీప ఐదు నెలలు కూర్చుని ‘సర్దు’ తయారుచేసింది. తొమ్మిది నెలలుగా రాత లేని పేర్లను, ఫోన్ నంబరు లేని పేర్లను యాప్ తనే ఏరి, ఇవి పనికిరానివిగా ఉన్నాయి, తీసేయమంటారా అని అడుగుతుంది. సోమవారం నాడు దాన్ని అందరి ఫోన్లలోకి వదిలారు.

నాలుగు రోజుల్లో పదకొండు లక్షల పేర్లు సర్దేశామని చక్రధరరావు తెర మీద గీత పైకి పోవడం చూపించాడు. యాప్‌లో ఏది ఉండాలో ఏది ఉండకూడదో తేల్చే మనిషి ఆయన. వందమందిలో తొంభై నలుగురు ఆకుపచ్చ బటనే నొక్కారని, ఆ బటన్ దీప చేతి పని అని చెప్పాడు. తెర మీద చప్పట్ల బొమ్మలు ఎగిరాయి. దీప నవ్వింది. ఆ బటన్ కోసం ఆమె నిజంగానే కష్టపడింది. కాగితం మీద పెన్సిల్‌తో పదిహేడు రకాలుగా గీసింది. ఒంటి చేత్తో ఫోన్ పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎక్కడికి సులువుగా చేరుతుందో తన చేతి మీద కొలిచింది, కొట్టుకు వచ్చినవాళ్లను బతిమాలి వాళ్ల చేతుల మీద కొలిచింది. ‘అవును, తీసేయి’ అన్న మాటను అక్కడ పెట్టింది. ‘తర్వాత చూద్దాం’ అన్న మాటను పై మూలకు, బూడిద రంగులోకి పంపింది.

కొట్టులో నుంచి కాశయ్య పిలిచాడు. సుక్కి వచ్చిందన్నాడు. దీప చెవులకున్న తీగ తీసి లేచింది. గడిచిన శ్రావణంలో ఊర్మిల జ్వరంతో పోయినప్పటి నుంచి సుక్కి ఈ గడప తొక్కలేదు. ఊర్మిల సుక్కికి ఆడబిడ్డ. హాస్టల్లో ఆరేళ్లు దీప పక్కన చాప వేసుకుని పడుకున్న మనిషి.

సుక్కి లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, పాలిథిన్ కవరులో చుట్టిన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

“చెట్లు పోయినయక్కా,” అంది. “వదినె రాసినయన్నీ.”

రోడ్డువాళ్లు చెట్లు కొట్టేశారనుకుంది దీప. సోమవారం సర్కారు కచేరీలో పేషీ పెట్టుకుని ముందే ఎట్లా కొడతారని అడిగింది.

“అడివిల ఉన్నయి,” అంది సుక్కి. “ఫోన్ల పోయినయి.”

దీప ఫోన్ తెరిచింది. సంఘం ఖాతాలో ఇరవై రెండు పేర్లు ఉన్నాయి. అందరూ ఆడవాళ్లే, అందరికీ తమదో కొడుకుదో ఒక నంబరు ఉంది. అంతకు మించి ఏమీ లేదు. తెర చాలా శుభ్రంగా ఉంది. అది అట్లా శుభ్రంగా కనపడాలనే ఆమె ఐదు నెలలు పనిచేసింది.

ఊర్మిల ఆ ఫోన్‌లో మనుషుల పేర్లతో పాటు చెట్ల పేర్లు రాసేది. ఉసికెపాడులో ఇప్పచెట్టు ఒక్క ఇంటిది కాదు. తాతలనాడు పంచుకున్న చెట్టు కింద ఇవాళ రెండు మూడిళ్లవాళ్లు వంతులేసుకుని పువ్వు ఏరుకుంటారు. ఒక పొద్దు భీమే ఇల్లు, మర్నాటి పొద్దు జోగే ఇల్లు. మనిషి పేరున రాస్తే వంతు మారినప్పుడల్లా తగువు. చెట్టు పేరున రాస్తే తగువు లేదు. ఈ చెట్టు, ఈ తేదీ, ఇన్ని కిలోలు, ఫలానా వాళ్ల వంతు. అంతే. రెండేళ్లు ప్రతి పొద్దూ ఊర్మిల తక్కెడ పట్టుకుని అట్లా రాసింది. చెట్టుకు ఫోన్ ఉండదు. పువ్వు రాలే నెల దాటితే మళ్లీ ఏడాది వరకు దాని పేరున రాత కూడా ఉండదు.

ఊరి పక్క రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొలతవాళ్లు వచ్చి అరవై ఒక్క చెట్లకు ఎర్ర రంగుతో అంకెలు వేసిపోయారు. రోడ్డుకు అవతలి పక్క రాళ్ల బీడు తప్ప ఏమీ లేదు, పది మూరలు అటు జరపండని సంఘం అర్జీ పెట్టుకుంది. ఏ చెట్టు మీద ఎవరు ఎన్నాళ్లుగా ఎంత పువ్వు ఏరుకుంటున్నారో రాతపూర్వకంగా చూపిస్తే కొలత మళ్లీ వేయించవచ్చని కచేరీలో చెప్పారు. సోమవారం చూపించాలి. ఆ రాత ఈ ఒక్క ఫోన్‌లోనే ఉండేది.

ఎట్లా పోయాయని దీప అడగలేదు. సుక్కే చెప్పింది. మూడు రోజులుగా ఫోన్ తెరిస్తే చాలు తెల్లటి పరదా లాంటిది అడ్డం వస్తోంది. ఏదో హిందీలో ఉంది. సుక్కికి హిందీ చదవడం వచ్చు గాని కూడబలుక్కోవాలి. రెండు రోజులు ఎట్లాగో మూల వెతికి తప్పించుకుంది. ఇవాళ వ్యాపారి కాంటా కట్టి నిలబడ్డాడు. వెనక ఇరవైమంది గంపలతో నిలబడ్డారు. కాంటా ముల్లు చూసి అంకె వెంటనే రాసుకోకపోతే వ్యాపారి రెండు కిలోలు మింగేస్తాడు. పరదా పోవడం లేదు.

“పచ్చగ ఉన్నది ఒత్తిన,” అంది సుక్కి. “పచ్చదంటే మంచిదే ఉంటదనుకున్న.”

దీప తన బొటనవేలి వైపు చూసుకుంది. ఆ పచ్చ ఎవరు వేశారో చెప్పలేదు. సోమవారంలోగా తెప్పిస్తానని మాత్రం చెప్పింది. సుక్కి ఎక్కువేమీ అడగలేదు. కాగితం మీద కూడా వస్తుందా అని అడిగి, వస్తుందంటే సరేనని, కాశయ్య తెప్పించిన టీ నిలబడే తాగి, ఆఖరి జీపు అందుకోవడానికి వెళ్లిపోయింది.



శుక్రవారం పొద్దున దీప చక్రధరరావుతో మాట్లాడింది. తెర మీద ఆయనతో పాటు ఇంకో ఐదుగురు ఉన్నారు. వాళ్లలో నవీన్‌కుమార్ ఒకడు. కంపెనీ దాచిపెట్టే నకళ్లకు తాళం అతని దగ్గర ఉంటుంది. తీసేసిన పేర్లు ఏడు రోజులు నకలులో ఉంటాయి, ఆ తర్వాత పూర్తిగా తుడుచుకుపోతాయి. ఒక్కరివి వెలికి తీయాలంటే పూట పని. దానికి చక్రధరరావు రాసి ఇవ్వాలి.

దీప విషయం చెప్పింది. ఖాతాదారుల చోట చెట్లు ఉన్నాయనగానే ఎవరో నవ్వారు. చెట్లు డబ్బు ఎట్లా కడతాయి, ఆకు స్కాన్ చేయాలా అని ఇంకెవరో అన్నారు. తెర మీద ఒక చెట్టు బొమ్మ, దాని పక్కన ఇంకో చెట్టు బొమ్మ వచ్చాయి. దీప అవన్నీ ఆగేదాకా ఆగింది.

“చూడమ్మా దీపా,” అన్నాడు చక్రధరరావు. ఆయన గొంతులో కోపం లేదు. “నేను కిరండూల్ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. బస్తర్ నాకు నువ్వు చెప్పక్కర్లేదు. పేరు అని రాసి ఉన్నచోట చెట్టుని రాస్తే తప్పెవరిది? తీసేయమంటారా అని అడిగాం. అవునన్నారు. ఇంకేం చెయ్యాలి మనం?”

పేరు అన్నచోట చెట్టు పేరే రాసిందండీ అని దీప అంది. ఆ మాటకు ఇంకోసారి నవ్వారు. నవీన్‌కుమార్ మాత్రం నవ్వలేదు.

ఆమె దగ్గర ఇంకో మాట ఉంది. రెండేళ్ల కిందట ఊర్మిల ఫోన్ చేసి, చెట్టును ఎక్కడ రాయాలె, దానికి చోటే లేదు కదా అని అడిగింది. అప్పుడు దీప వేరే పనిలో ఉంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, పేరు అన్నకాడ రాసెయ్ తియ్ అంది. ఆ మాట ఇప్పుడు గొంతు దాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. దీప దాన్ని మింగేసింది.

చక్రధరరావు విడమరిచి చెప్పాడు. ఒక్కరికి నకలు తెరిస్తే పదకొండు లక్షల పేర్లవాళ్లు వరస కడతారు. అది అయ్యే పని కాదు. అయినా ఇందులో మంచి కూడా ఉంది. పాత పేర్లు పోగొట్టుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉన్నారని తేలింది. వేసవిలో ‘అటక’ అని ఒకటి పెడదాం. నెలకు తొంభై తొమ్మిది రూపాయలు కడితే పాత పేర్లు అందులో దాచి ఉంచుతాం. బొమ్మ నువ్వే గీయమ్మా అన్నాడు. చెట్టు సంగతి కూడా ప్రకటనలో బాగుంటుందన్నాడు.

మాట్లాడటం అయిపోయాక దీప చెవుల తీగ తీసేసింది. తర్వాత నవీన్‌కుమార్‌కు ఫోన్ చేసి, తుడిచేసిన పేర్లలో ఓ రెండు వేలు చూపించమంది. ఊళ్లు వద్దు, అంకెలు వద్దు, పేర్లు చాలు. అతను గంటలో పంపించాడు.

ఆమె ఒక్కొక్క వరసా చదివింది. కొన్ని నిజంగానే పనికిరానివి. తప్పు రాసి మళ్లీ రాసినవి, ఒక్క అక్షరం రాసి వదిలేసినవి. వాటి మధ్యలో ‘కుంటి బర్రె’ ఉంది. ‘నది పడవ, చిన్నది’ ఉంది. పై చెరువు, కింది చెరువు వేరువేరుగా ఉన్నాయి. ఏటా ఒక్క నెల అద్దెకు పోయే నూర్పిడి మిషన్ ఉంది. ఎవరో ‘అమ్మ’ అని రాసి, తర్వాత దాని పక్కన ‘లేదు’ అని రాసుకున్నారు. పేరు మాత్రం తీసేయలేదు. దాన్ని ‘సర్దు’ తీసేసింది.

తయారయ్యాక ఆమె ‘సర్దు’ను ఏడుగురి చేతుల్లో పెట్టి చూసింది. ఏడుగురూ హైదరాబాదులో కొట్లున్నవాళ్లు. ఏడుగురూ బాగుందన్నారు. ఉసికెపాడు ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు. అక్కడికి వెళ్లాలని ఆమెకు తోచలేదు.

సాయంత్రం ఆమె చక్రధరరావుకు ఉత్తరం రాసింది. సోమవారం నుంచి మొదటి రోజు పేర్లు నకలులో కూడా తుడుచుకుపోతాయి కనుక, ఈలోగా పదకొండు లక్షల పేర్లూ వెనక్కి పెట్టాలని, ఆకుపచ్చ బటన్ తీసేయాలని, ఆ బటన్ అట్లా గీయడం తన తప్పని రాసింది. పంపే ముందు ఇంకోసారి చదివింది. తన తప్పన్న ముక్క కొట్టేసి పంపించింది. సోమవారం మాట్లాడదాం అని జవాబు వచ్చింది.



శనివారం దీప గీతల కాగితాలు, రెండు పెన్నులు, ఒక స్కేలు తీసుకుని ఉసికెపాడు వెళ్లింది. ఫోన్‌లోవి రాకపోతే మనుషుల నోటి నుంచి రాసుకోవాలనుకుంది.

ఊర్మిల తల్లి భీమే ఇంటి ముందు చింతకాయ కొడుతోంది. దీపను చూసి సుత్తి ఆపలేదు. కాయ పగలగొట్టి, పీచు లాగి, గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు వేస్తోంది. ముగ్గురు నలుగురు ఆడవాళ్లు చుట్టూ అదే పని మీద ఉన్నారు. సుక్కి చాప వేసింది.

“మా పిల్లకు రాసుడు నేర్పితివి,” అంది భీమే కాసేపటికి. “తుడుసుడు మీ కంపెనోళ్లకు ఎవలు నేర్పిన్రు?”

ఫోన్ నంబరు లేని పేర్లను యాప్ తీసేసిందని దీప చెప్పింది. కాసేపటికి పక్కింటి జోగే, ఇప్పచెట్టుకు ఫోన్ లేకనే గదా ఇంత లొల్లి, ఈ ఏడు పువ్వు అమ్మి ఒక్కో చెట్టుకు ఒక్కో ఫోన్ కడదాం, రింగయితే పువ్వు రాలుతది అంది. ఆడవాళ్లు నవ్వారు. భీమే పెదవి కూడా కదిలింది. సుత్తి పక్కన పెట్టి లేచింది.

అందరూ రోడ్డు వెంట నడిచారు. పువ్వుకు ఇంకా నెల పైన ఉంది. కొమ్మల చివర ఆకు రాలుతోంది. నిరుడు చెట్ల కింద నేల కాల్చిన నల్లటి వలయాలు ఇంకా ఆనవాలుగా ఉన్నాయి. పువ్వు రాలే ముందు కింద చెత్త కాల్చి ఊడ్చుకుంటారు. ఎవరు ఎంతవరకు కాలిస్తే వాళ్ల హద్దు అంతవరకు. మొద్దుల మీద ఎర్ర అంకెలు మనిషి రొమ్ము ఎత్తున ఉన్నాయి. దీప అంకె రాసుకుంది. భీమే చెట్టు పేరు చెప్పింది, ఎవరెవరి వంతో చెప్పింది, మంచి పొద్దున ఎన్ని గంపలు రాలుతాయో చెప్పింది. ఒక్క చెట్టు దగ్గర కూడా తడుముకోలేదు. కాని దీప కిలోలు అడిగితే గంపలే చెప్పింది. తేదీ అడిగితే ఫలానా సంతకు ముందు రోజని చెప్పింది. నిరుడు పువ్వు మొదలైన మూడో వారం బాగా రాలిందా, నాలుగో వారమా అన్న దగ్గర జోగే ఒకటంటే ఇంకొకరు ఇంకొకటన్నారు. దీప స్కేలుతో గీసిన గళ్లలో సగం ఖాళీగా ఉండిపోయాయి.

నలభై నాలుగో అంకె చెట్టు దగ్గర భీమే ఆగింది. అది ఊర్మిల వంతు చెట్టని చెప్పింది. పెళ్లి వద్దని ఇంట్లోనే ఉండిపోయిన కూతురికి ఆ చెట్టు మీద రోజు విడిచి రోజు ఇచ్చారు.

“ఈ ఏడు దాని పొద్దున ఎవలు పోవాలనో ఇంక అనుకోలే,” అంది భీమే. “అడుగుదామంటే నాకే నోరొస్తలేదు.”

దీప ఆ చెట్టు ఎదుట గడిలో ఊర్మిల పేరు రాసింది. పక్క గడిలో ఏమి రాయాలో తెలియక పెన్ను మూసింది. మిగతా అంకెలు కూడా రాసుకునేసరికి మబ్బు పట్టింది, అందరూ వెనక్కి తిరిగారు. చింతపండు ఎత్తి లోపల పెట్టాలని సుక్కి ముందు నడిచింది.



ఆదివారం పదింటికి నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు. పర్మిషన్ వచ్చిందా అని దీప అడిగింది. రాలేదన్నాడు. ఆ రెండు వేల పేర్లు తానూ చదివానని, పాడి లెక్క రాసుకున్న ఎవరో బర్రెకు గంగ అని పేరు పెట్టారని, తన అమ్మమ్మ బర్రె పేరు కూడా గంగే అని చెప్పాడు. ఆ తర్వాత అసలు పని మాటలే మాట్లాడాడు. సంఘం ఖాతా నంబరు అడిగాడు. దీప చెప్పింది.

మధ్యాహ్నం మూడున్నర దాకా పట్టింది. మొదట పేర్లు వచ్చాయి, అంకెలు రాలేదు. తర్వాత అంకెలు వచ్చి ఒక చెట్టువి ఇంకో చెట్టు కింద పడ్డాయి. దీప శనివారం రాసుకున్న కాగితాలు దగ్గర పెట్టుకుని ఏ చెట్టు మీద ఎవరి వంతులో చదివి చెబుతుంటే నవీన్‌కుమార్ సరిచేస్తూ పోయాడు. భీమే చెప్పిన వంతుల్లో ఒక్కటి కూడా తప్పు పోలేదు.

వరస ఎంత జారిందో తెలిశాక అడవి లోపలి చెట్లవి కూడా సరిపడి, నూట నలభై మూడు చెట్లూ వచ్చాయి. దీప నలభై నాలుగో అంకె చెట్టు తెరిచింది. నిరుడు ఏప్రిల్ ఇరవై రెండున ఊర్మిల రాసిన ఆఖరి వరస ఉంది. రెండు కిలోలు, నా వంతు, పువ్వు ఆగింది. దీప దాన్ని చదివి, తెరను కాస్త కిందికి జరిపింది. మిగతావి సరిచూడాలి.

రోడ్డు మీది అరవై ఒక్క చెట్లకు చెట్టుకు రెండు పేజీలు, మొత్తం నూట ఇరవై రెండు పేజీలు బస్టాండు దగ్గర జిరాక్సు కొట్లో తీయించింది. కాగితాలు వెచ్చవెచ్చగా వచ్చాయి. కొట్టతను దారం కుట్టి అట్ట వేసి ఇచ్చాడు. ఉసికెపాడు జీపు డ్రైవరుతో సుక్కికి కబురు పంపింది. వచ్చినయి, పొద్దున పదింటికి కచేరీ కాడ ఉండున్రి.



ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. సుక్కి ఉతికిన చీర కట్టుకుంది. అట్ట పుస్తకాన్ని దీప చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచి ఒడిలో పెట్టుకుంది. పిలుపు పన్నెండున్నరకు వచ్చింది.

అధికారి చిన్నవాడు. కొత్తగా వచ్చినట్టున్నాడు. హిందీలో మెల్లగా, అర్థమయ్యేట్టు మాట్లాడాడు. బల్లకు ఒక పక్క రోడ్డు పనుల తరఫు మనిషి కూర్చున్నాడు. అధికారి పుస్తకం తెరిచి నాలుగైదు పేజీలు తిప్పాడు. ఇంత వివరంగా రాసినవాళ్లను తాను చూడలేదన్నాడు. ఒకే చెట్టు మీద రెండు పేర్లు ఎందుకున్నాయని అడిగాడు. సుక్కి వంతుల సంగతి చెప్పింది. అధికారి తల ఊపి ఏదో రాసుకున్నాడు. జోగే దీప చేతిని చిన్నగా గిల్లింది.

ఆయన వేలు ఒక పేజీ పైభాగంలో ఆగింది. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. వెనక్కి వెళ్లి మొదటి పేజీ చూశాడు. తర్వాత పుస్తకాన్ని వాళ్ల వైపు తిప్పి చూపించాడు. ప్రతి పేజీ పైనా ఒకే వరస ఉంది. ఖాతా తెరిచిన తేదీ, ఫిబ్రవరి ఎనిమిది. నిన్నటి తేదీ.

ఇది నిన్న తయారుచేశారా అని అడిగాడు. రోడ్డు తరఫు మనిషి ముందుకు వంగి చూసి, ఒక్క ఆదివారంలో రెండేళ్ల పువ్వు ఏరారన్నమాట అన్నాడు.

దీపకు ఆ వరస తెలుసు. పేజీ పైన అది ఉండాలని అడిగింది ఆమే. ఎవరూ దొంగలెక్క పుట్టించకుండా ఉండాలని, చూసినవాళ్లకు నమ్మకం కలగాలని. వెనక్కి తెచ్చిన చెట్టును యాప్ కొత్త చెట్టుగా లెక్కవేస్తుందని ఆమెకు గాని నవీన్‌కుమార్‌కు గాని తట్టలేదు. తెర మీద ఆ వరస కనపడదు, కాగితం మీదే పడుతుంది. నూట ఇరవై రెండు పేజీలు లెక్కపెట్టింది గాని పైవరస చదవలేదు.

ఏమంటున్నాడని భీమే అడిగింది. సుక్కి తమ ఇంటి భాష దోర్లీలో చెప్పింది. భీమే లేచి బల్ల దగ్గరకు వెళ్లింది. అధికారి వైపు కాకుండా దీప వైపు తిరిగి మాట్లాడింది.

“మా అత్త పుట్టకముందు చెట్లవి. నిన్న పుట్టినయని రాసిందా నీ ఫోను?”

దీప లేచి నిలబడింది.

“ఈ పేర్లు తీసేసింది నేనే సాహెబ్,” అంది హిందీలో. తర్వాత అదే మాట, వెనక ఉన్న ఆడవాళ్లకు వినపడేట్టు తెలుగులో ఇంకోసారి అంది.

ఆమె అంతా చెప్పింది. చెట్టును పేరు అన్నచోట రాయమన్నది తనేనని, ఫోన్ లేని పేర్లు పనికిరానివని ఫోన్ చేత అనిపించింది తనేనని, చదవకుండానే నొక్కేట్టు బటన్ గీసింది తనేనని చెప్పింది. సుక్కి ఆమె వైపు చూసింది. చూసి తల దించుకుని, ఖాళీ ఒడిలో చీర మడత సరిచేసుకుంది. అధికారి మధ్యలో ఆపలేదు. అదంతా రాసి ఇవ్వగలరా అని అడిగాడు. దీప బల్ల చివర నిలబడి ఒకటిన్నర పేజీ రాసి, కింద సంతకం పెట్టి, ఉద్యోగం పేరు, కంపెనీ పేరు రాసింది.

అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. ఇది మీ మాట, నేను నమ్ముతాను అన్నాడు. నేను నమ్మితే చాలదు. ఈ ఖాతాలు ఫలానా తేదీన తెరిచారు, ఫలానా తేదీన మా వల్ల పోయాయి, మళ్లీ పెట్టాం అని మీ కంపెనీ సంతకం చేసి ముద్ర వేసి ఇవ్వాలి. లేకపోతే కాగితం మీద ఉన్న తేదీయే తేదీ. పేషీ ఇరవై నాలుగుకు వాయిదా వేశాడు. అంతవరకు చెట్ల జోలికి పోవద్దని రోడ్డు తరఫు మనిషికి నోటితో చెప్పాడు. నోటిమాటే, కాగితం కాదని ఆ మనిషి కూడా నోటితోనే గుర్తుచేశాడు.

బయట వేపచెట్టు నీడలో ఆడవాళ్లు అటుకులు తిన్నారు. దీపకు కూడా ఆకులో పెట్టారు. సుక్కి పెట్టలేదు, జోగే పెట్టింది. జీపు వచ్చినప్పుడు సుక్కి ఎక్కి కూర్చుని, పుస్తకం ఎక్కడుందని అడిగింది. కచేరీలోనే ఉంచుకున్నారని దీప చెప్పింది.

“నువ్వు తియ్యకుంటే పోకపోయేటియి,” అంది సుక్కి. “చెప్పకుంటే తెల్వకపోయేది. రెండూ నువ్వే చేస్తివి. నేనేమనాలె?”

జీపు కదిలింది.

దీప కచేరీలో జరిగిందంతా చక్రధరరావుకు రాసి, కంపెనీ ముద్ర వేసిన కాగితం కావాలని అడిగింది. సాయంత్రం నాలుగింటికి ఆయన ఫోన్ చేశాడు. ఈసారి ఆయన గొంతులో నవ్వు లేదు. వకీలును అడిగాడట. అట్లాంటి కాగితం ఇస్తే కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. ఒక్కరి దగ్గర ఒప్పుకుంటే పదకొండు లక్షల చోట్ల ఒప్పుకోవాలట. నకళ్ల తాళం నవీన్‌కుమార్ దగ్గర నుంచి తీసేసుకున్నామని, ‘సర్దు’ పని ఇంకొకరికి అప్పగించామని చెప్పాడు. నువ్వు కంపెనీ పేరు రాసి సంతకం పెట్టి ఉండాల్సింది కాదమ్మా అన్నాడు.

దీప ఉత్తరం నమూనా తనే రాసిపెట్టానని, ఆరు వరసలేనని, సంతకం పెడితే చాలని చెప్పింది. చూద్దాం అన్నాడాయన. అదే రోజు ఆరింటికి మొదటి రోజు పేర్లు నకలులో నుంచి కూడా తుడుచుకుపోయాయి. మర్నాడు రెండో రోజువి పోయాయి, ఆ తర్వాత మూడో రోజువి. దీప రోజూ పొద్దున ఆ ఆరు వరసలు మళ్లీ పంపిస్తోంది.

పదకొండు లక్షల పేర్లలో నూట నలభై మూడు వెనక్కి వచ్చాయి. అవి ఎప్పటివో చెప్పే కాగితం మీద సంతకం ఇంకా పడలేదు.